అంచు ముందు, శాలువా తర్వాత

శాలువా అంటే మనకి వెంటనే గుర్తొచ్చేది సన్మానం. ఎవరో ఒక పెద్దాయన్ని కుర్చీలో కూర్చోబెట్టి, భుజాల మీద జరీ అంచు శాలువా కప్పి, ఫోటో తీసేశాక దాన్ని మడతపెట్టి కవర్లో పెట్టి చేతికిస్తారు. ఆ పెద్దాయన ఇంట్లో అలాంటివి ఓ బీరువా నిండా ఉంటాయి. అందుకే శాలువా అనే వస్తువు మీద నాకెప్పుడూ పెద్ద గౌరవం ఉండేది కాదు.

కొన్నేళ్ళ క్రితం ఆన్‌సైట్ పని మీద ఎడింబరోలో ఉన్నప్పుడు ఒక చిన్న కొట్లో ఉన్ని శాలువా ఒకటి చూశాను. తెల్లగా, మంచు మీద ముగ్గేసినట్టు ఉంది. చుట్టూ రంపపు పళ్ళలాగా మొనలు తేలిన లేసు అంచు. ధర చీటీ చూసి చెయ్యి వెనక్కి తీసుకున్నాను గానీ, కొట్టు నడిపే పెద్దావిడ "పరవాలేదు, పట్టుకుని చూడు" అంది. నేను చేసిన మొదటి పని దాన్ని వెనక్కి తిప్పి అతుకు కోసం వెతకడం.

ఈ అలవాటు మా మేనత్త వల్ల వచ్చింది. ఆవిడది నరసాపురం పక్కన పల్లె. నా చిన్నప్పుడు సెలవులకి వెళ్తే అత్త వసారాలో కూర్చుని లేసు అల్లుతూ కనిపించేది. "పనితనం ముందు వైపు తెలీదురా, వెనక్కి తిప్పి అతుకు చూడాలి" అనేది. సరే, ఎడింబరోలో ఆ శాలువాని తిప్పి చూశాను, మళ్ళీ తిప్పాను. లోపలి భాగం ఒక రకం అల్లిక, అంచు ఇంకో రకం అల్లిక. అంచులో వరసలు అడ్డంగా వెళ్తుంటే లోపల నిలువుగా ఉన్నాయి. అంటే రెండూ వేర్వేరుగా చేసి కలిపినవే అయ్యుండాలి. కానీ కుట్టు లేదు. నా అవస్థ చూసి ఆవిడ నవ్వింది. "కుట్టలేదు నాయనా, అల్లేశారు" అంది.

అల్లేయడం అంటే ఏంటో అర్థం కావడానికి నాకు చాలా సాయంత్రాలు పట్టింది. మీకు రెండు నిమిషాల్లో చెప్పే ప్రయత్నం చేస్తాను.

స్వెట్టర్ అల్లడం చూసే ఉంటారు. సూది మీద ఉచ్చులు వరసగా ఉంటాయి, ఒక్కో ఉచ్చులోంచి దారం లాగి కొత్త ఉచ్చు చేస్తూ పోతారు. పని అయిపోయాక ఆ ఆఖరి వరస ఉచ్చులన్నిటినీ ఏదో ఒకటి చెయ్యాలి, లేకపోతే మొత్తం విడిపోతుంది. మామూలుగా ఒకదాని మీంచి ఒకటి దాటించి మూసేస్తారు. ఇక్కడే చిక్కు. అలా మూసిన అంచు బిగుతుగా, తాడులా తయారవుతుంది. లోపలి లేసు సాలెగూడులా సాగుతుంది, అంచు సాగదు. ఇంత పల్చటి శాలువాకి అది ఉరితాడే.

అందుకని ఏం చేస్తారంటే ఉచ్చుల్ని మూయకుండా అలాగే సూది మీద ఉంచేస్తారు. పక్కన పది పన్నెండు ఉచ్చులతో ఒక సన్నటి పట్టీ మొదలుపెడతారు. అదే అంచు. పట్టీ ఒక వరస బయటికి వెళ్తుంది, మళ్ళీ లోపలికి వస్తుంది. వచ్చిన ప్రతిసారీ పట్టీలోని చివరి ఉచ్చునీ, శాలువాలో ఎదురుచూస్తున్న ఒక ఉచ్చునీ కలిపి ఒకటిగా అల్లేస్తారు. అంటే అంచు రెండు వరసలు నడిస్తే శాలువా ఉచ్చు ఒకటి ఖర్చవుతుంది. ఈ రెండుకి ఒకటి అనే లెక్క ఊరికే వచ్చింది కాదు. అన్ని వరసలూ ఒకే రకంగా అల్లే సాదా అల్లికలో ఒక కుట్టు వెడల్పూ, రెండు వరసల ఎత్తూ ఇంచుమించు సమానం. అందుకే పట్టీ ముడతలు పడదు, లాగదు. మూలల దగ్గర మాత్రం ఈ లెక్క పనిచెయ్యదు. తిరగాలి కాబట్టి బయటివైపు గుడ్డ ఎక్కువ కావాలి. కాబట్టి మూలలో ఒకే ఉచ్చుకి రెండేసి సార్లు కలిపి, అదనపు వరసలు వేసి తిప్పుతారు. అలా వెయ్యకపోతే శాలువా గిన్నెలా మూలల దగ్గర పైకి లేస్తుంది.

అయితే ఇది తేలిక పద్ధతిట! పాతకాలంలో దీనికి పూర్తిగా తలకిందులుగా చేసేవాళ్ళు. ముందు అంచు అల్లేవాళ్ళు. మొత్తం నాలుగు పక్కలకీ సరిపడా. తర్వాత ఆ పట్టీ తిన్నటి వైపు నుంచి ఉచ్చులు ఎత్తుకుని లోపలి బోర్డరు అల్లుకుంటూ, తగ్గించుకుంటూ మధ్యకి వచ్చేవాళ్ళు. మధ్య చదరం ఆఖర్న. ఎదురుబొదురు ఉచ్చుల్ని సూదీ దారంతో అల్లిక దారినే అనుకరిస్తూ కలిపేస్తే అతుకు కనపడదు. ఇల్లు కట్టకముందే ప్రహరీ గోడ కట్టినట్టన్నమాట. ఆరడుగుల చదరపు శాలువా అనుకుంటే చుట్టూ అంచు ఏడు మీటర్లు దాటుతుంది. అంటే చీర పొడవు కంటే ఎక్కువ, నాలుగు వేళ్ళ వెడల్పున, కాగితం మీద ఒక్క గీత లేకుండా. మొదట్లో లెక్క తప్పితే అది బయటపడేది కొన్ని వారాల తర్వాత, మూలలు కలిపేటప్పుడు. ప్రొడక్షన్‌లో బగ్ దొరికినట్టే :)

ఈ పనికి పుట్టిల్లు షెట్లాండ్ దీవులు. స్కాట్లండ్ కొస నుంచి ఇంకా ఉత్తరంగా, సముద్రంలో. అందులోనూ ఉత్తరం చివర అన్‌స్ట్ అనే దీవి. చలికాలంలో పగలు ఆరు గంటలు కూడా ఉండదు. చెట్లు తక్కువ, గాలి ఎక్కువ, గొర్రెలు పొట్టివి. ఆ గొర్రెల మెడ దగ్గరి ఉన్ని చాలా మెత్తగా ఉంటుంది. దాన్ని కత్తిరించరు, ఎండాకాలం మొదట్లో వదులైనప్పుడు చేత్తో పీకుతారు. కత్తెర వేస్తే తెగిన కొస గరుకుగా ఉంటుందని. దాన్ని ఇంట్లోనే వెంట్రుక కంటే కాస్త లావు దారంగా వడికి, అల్లి, ఉతికి, గంధకం పొగ వేసి తెల్లబరిచి, చెక్క చట్రానికి బిగించి ఆరబెట్టేవాళ్ళు. అంచుకి ఆ మొనలు ఎందుకో అప్పుడు తెలుస్తుంది. అందం కోసం అనుకుంటాం గానీ, ఒక్కో మొనకీ దారం వేసి చట్రానికి లాగి కట్టేవాళ్ళు. ఆ లాగుడు వల్లే లోపలి డిజైన్ విచ్చుకుంటుంది. సూది మీంచి దిగినప్పుడు అది నలిగిన దూది ముద్దలా ఉంటుందట. మేలు రకం శాలువా ఆరడుగుల చదరం ఉన్నా తూకం రెండు మూడు ఔన్సులే. పెళ్ళి ఉంగరంలోంచి మొత్తం లాగేయొచ్చు. అందుకే దానికి 'వెడ్డింగ్ రింగ్ షాల్' అని పేరు.

అగ్గిపెట్టెలో పట్టే చీర గురించి మనం చిన్నప్పుడు పాఠాల్లో చదువుకున్నాం కదా, అదే జాతి కథ. ఇలాంటి కథల్లో ఉంగరం గురించీ అగ్గిపెట్టె గురించీ అందరూ చెబుతారు. అల్లినామెకి ఏం ముట్టిందో మాత్రం ఎవరూ చెప్పరు. నాకు ఆసక్తి అక్కడ మొదలైంది.

షెట్లాండ్ ఆడవాళ్ళు అంతకుముందు రెండు మూడు వందల ఏళ్ళుగా మేజోళ్ళు అల్లి డచ్చి చేపల పడవల వాళ్ళకి అమ్ముకునేవాళ్ళు. లేసు అల్లిక మాత్రం 1830ల తర్వాత పుంజుకుంది. లెర్విక్ ఊళ్ళో పుట్టి, లండన్‌లో పి అండ్ ఓ ఓడల కంపెనీ స్థాపకుల్లో ఒకడైన ఆర్థర్ ఆండర్సన్ (1842లో కలకత్తా దారికి ఆవిరి ఓడ పంపింది ఈ కంపెనీయే) విక్టోరియా రాణి అయిన కొత్తలో ఆమెకి షెట్లాండ్ మేజోళ్ళు బహుమతిగా పంపాడు. ఇప్పటి మాటల్లో ఇన్‌ఫ్లుయెన్సర్ మార్కెటింగ్. ఎడ్వర్డ్ స్టాండెన్ అనే ఆక్స్‌ఫర్డ్ వ్యాపారి లేసు శాలువాల్ని లండన్ బజారుకి తెచ్చాడు. 1851 లండన్ మహాప్రదర్శన నాటికి షెట్లాండ్ శాలువా దొరసానుల ఫ్యాషన్ అయిపోయింది. వెనకే నాటింగ్‌హామ్ యంత్రాల మీద నేసిన నకిలీలూ వచ్చేశాయి.

మరి అల్లేవాళ్ళు? మగవాళ్ళు చేపలకి సముద్రం మీద ఉండేవాళ్ళు. వెళ్ళినవాళ్ళందరూ తిరిగొచ్చేవాళ్ళు కాదు. 1832 జులై తుఫానులో 105 మంది, 1881 జులైలో ఒక్క రాత్రిలో 58 మంది పోయారు. తిరిగొచ్చినా భూస్వామి బాకీ, షావుకారు బాకీ. ఇంటి దగ్గర గొర్రెలూ, బంగాళాదుంపల మడీ, పొయ్యిలోకి పీట్ బొగ్గూ అన్నీ ఆడవాళ్ళ నెత్తినే. నెత్తిన కాదు, వీపున. పీట్ తట్ట వీపుకి తగిలించుకుని మైళ్ళు నడుస్తూ, చేతులు ఖాళీగా ఉన్నాయి కదా అని నడుస్తూనే అల్లేవాళ్ళు. ఆ కాలపు ఫోటోలు చాలా ఉన్నాయి. నడుముకి గుర్రపు వెంట్రుకలు కుక్కిన తోలు పట్టీ ఒకటి కట్టుకుని, దాని చిల్లుల్లో ఒక సూదిని గుచ్చి నిలబెట్టేవాళ్ళు. ఒక చేతి బరువు తగ్గుతుంది. సన్న లేసు మాత్రం నడుస్తూ కుదరదు, అది దీపం దగ్గర చేసే పని.

ఆ శాలువా పూర్తయ్యాక లెర్విక్‌లో షావుకారు దగ్గరికి తీసుకెళ్ళాలి. ధర ఆయన చెబుతాడు. ఆ ధరకి డబ్బు ఇవ్వడు. కొట్లోంచి టీ పొడో, నూలు గుడ్డో తీసుకోమంటాడు. ఇప్పుడు అక్కర్లేదంటే 'లైన్' అని ఒక చీటీ రాసిస్తాడు, ఫలానా మొత్తానికి సరుకు ఇవ్వవలెను అని. ఆ చీటీ ఆ కొట్లోనే చెల్లుతుంది. మనకి ఒకప్పుడు సోడెక్సో కూపన్లు ఇచ్చేవాళ్ళు కదా, జీతం మొత్తం అలాగే ఇచ్చి, అవి కూడా మీ మేనేజరు గారి బావమరిది కొట్లోనే చెల్లుతాయంటే ఎలా ఉంటుంది? అదే ఇది. దీన్ని ట్రక్ పద్ధతి అనేవాళ్ళు. లారీకీ దీనికీ సంబంధం లేదు, మార్పిడి అని అర్థం వచ్చే పాత మాట.

కూలి సరుకు రూపంలో ఇవ్వకూడదని బ్రిటన్‌లో 1831లోనే చట్టం వచ్చింది. కానీ అది ఫలానా ఫలానా వృత్తులకే. పైగా ఇంట్లో కూర్చుని అల్లే మనిషి కాగితం మీద ఎవరికీ ఉద్యోగి కాదు. సొంత ఉన్నితో అల్లి తెస్తే ఆమె కూలీ కూడా కాదు, సరుకు అమ్ముకునే వ్యాపారి కింద లెక్క. (గిగ్ వర్కర్ల గురించి ఇప్పుడు జరుగుతున్న వాదన చదువుతుంటే ఎక్కడో విన్నట్టు అనిపిస్తుంది నాకు.)

చివరికి ప్రభుత్వం విచారణ వేసింది. విలియం గుత్రీ అనే న్యాయవాది 1872 జనవరిలో షెట్లాండ్ వచ్చి సాక్షుల్ని ఒక్కొక్కరినీ పిలిచి అడిగాడు. ప్రశ్నలకి వరసగా నంబర్లు వేసి, ప్రశ్న-జవాబు ఉన్నదున్నట్టు అచ్చేశారు. ఆ నివేదిక ఇప్పుడు నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది. ఒక వారాంతం సరదాగా తెరిచి, రాత్రి రెండింటి దాకా చదువుతూ కూర్చున్నాను. మొదట్లోనే అల్లేవాళ్ళు వస్తారు. ఎంత ఇచ్చాడు? సరుకు. డబ్బు అడిగావా? అడగలేదు. ఎందుకు? అడిగినా ఇవ్వరని తెలుసు. ఇంచుమించు ఇదే ధోరణి, మనిషి తర్వాత మనిషి. అద్దె కట్టడానికి డబ్బు కావాలంటే టీ పొడి ఇరుగుపొరుగుకి తక్కువకి అమ్ముకోవాలి. పిండీ బంగాళాదుంపలూ కావాలంటే పల్లెలకి టీ పట్టుకెళ్ళి మార్చుకోవాలి.

ఇందులో నన్ను కదిలించిన ముక్క ఒకటుంది. లెర్విక్ అమ్మాయిలు తిండికి లేకపోయినా సోకుగా బట్టలేసుకుంటారని అప్పట్లో పెద్దమనుషులు ఆక్షేపించేవాళ్ళు. విచారణలో దాని కారణం బయటపడింది. షావుకారు కొట్లో గుడ్డలుంటాయి, తిండి గింజలు సరిగా ఉండవు. కూలి గుడ్డలో ఇస్తే మనిషి గుడ్డే కడుతుంది మరి. ఆకలి వేస్తే రిబ్బను తినలేదు కదా.

షావుకార్ల వాదన కూడా వినాలి. డబ్బే ఇవ్వాల్సొస్తే ఈ ధర రాదు, లండన్ బజారులో శాలువా మీద మాకు మిగిలేది స్వల్పం, లాభం సరుకు మీదే అన్నారు. అందులో కొంత నిజం ఉండొచ్చు. కానీ అసలు ఆ ధర ఎలా నిలబడింది? ఈమెకి ఇంటి దగ్గర మడి ఉంది, పడవ మీద మొగుడో తండ్రో ఉన్నాడు, తిండి ఎటూ వాళ్ళు పెడతారు, అల్లిక తీరిక వేళల వ్యాపకం అన్న లెక్క మీద నిలబడింది. లెర్విక్‌లో ఒంటరి ఆడవాళ్ళకి అల్లిక తప్ప వేరే ఆధారం లేదు. వాళ్ళకీ అదే ధర. ఇల్లు గడవాల్సిన మనిషికి చేతి ఖర్చు కూలి.

1887లో చట్టాన్ని సవరించి ఇంట్లో అల్లే ఉన్ని సరుకుని కూడా దాని కిందకి తెచ్చారు. చీటీలు మాత్రం వెంటనే పోలేదు, సరుకు మార్పిడి ఇంకా చాలా ఏళ్ళు నడిచింది.

ఈ 'తీరిక వేళల వ్యాపకం' దగ్గర నేను ఆగిపోయాను. ఎందుకంటే ఆ మాట మా ఇంట్లో విన్నదే. "అత్త ఏం చేస్తుంది?" అని చిన్నప్పుడు అడిగితే మావయ్య చెప్పేవాడు, "ఏం చేస్తుంది, ఖాళీగా ఉంటుంది, లేసు అల్లుకుంటుంది" అని. ఖాళీగా ఉండే అత్త పొద్దున్నే గేదె పని చూసుకుని, వంటయ్యాక కూర్చుంటే మళ్ళీ దీపాలవేళ దాకా అల్లేది. ఏజెంటు దారం ఉండలు ఇచ్చి వెళ్ళేవాడు, వారానికొచ్చి అల్లినవి పట్టుకెళ్ళేవాడు. కూలి ఉండ లెక్కన. గంటల లెక్క ఎవరి దగ్గరా లేదు. టైమ్‌షీట్ లేని పని.

గోదావరి జిల్లాల్లో ఈ లేసు వెనక కూడా స్కాట్లండ్ వాళ్ళున్నారు. 1844లో దుమ్ముగూడెంలో మెక్రే అనే స్కాటిష్ మిషనరీ దంపతులు నేర్పారని, అక్కణ్ణించి నరసాపురం వైపు పాకిందని చెబుతారు. షెట్లాండ్ శాలువా లండన్ ఎక్కిన రోజులే. అలాగని ఆ దీవుల నుంచి ఇక్కడికి తీగ లాగాలని నా ఉద్దేశం కాదు. అక్కడిది రెండు సూదుల ఉన్ని అల్లిక, ఇక్కడిది కొక్కెం సూదితో నూలు అల్లిక. పనితనంలో పోలిక తక్కువ. పోలికంతా ఖాతా పుస్తకంలో ఉంది.

ఇక్కడ గుత్రీ పని చేసినావిడ మరియా మీస్ అనే జర్మన్ సామాజికవేత్త. 1970ల చివర్లో నరసాపురం పల్లెల్లో తిరిగి రాసిన పుస్తకం 1982లో అచ్చయింది. రోజుకి ఆరు నుంచి ఎనిమిది గంటలు అల్లినా ఆడవాళ్ళకి రూపాయి కూడా గిట్టని రోజులవి. విదేశాలకి ఎగుమతయ్యే సరుకు, ఎగుమతిదారులు మగవాళ్ళు, అల్లేవాళ్ళు మాత్రం లెక్కల్లో గృహిణులు. పొలం కూలికి వెళ్ళే దళిత స్త్రీకి అంతకంటే ఎక్కువే వచ్చేది. కానీ గడప దాటకపోవడమే పరువు అనుకునే కాపు ఇళ్ళలో లేసు ఆ పరువుకి సరిపోయింది. షెట్లాండ్ ఆడవాళ్ళు పీట్ తట్టలు మోస్తూ అల్లారు, వీళ్ళు గడప లోపల అల్లారు. ఇద్దరిదీ తీరిక కిందే జమకట్టారు.

ఇంకొక తేడా ఉంది. షెట్లాండ్‌లో శాలువా మొదటినుంచి చివరిదాకా ఒక్కామె చేతిలోనో, ఒక్క ఇంట్లోనో పూర్తయ్యేది. నరసాపురంలో పువ్వులు ఒకరు అల్లితే వాటిని కలిపే అతుకు పని ఇంకొకరిది, దానికి వేరే కూలి. అల్లినామెకి తను అల్లింది చివరికి టేబుల్ గుడ్డ అయిందో, దిండు గలీబు అయిందో తెలిసేది కాదు. మాడ్యూలు రాసినవాడికి ప్రొడక్టు ఏంటో తెలియకపోవడం మనకేం కొత్త కాదనుకోండి. మా అత్తకి అతుకు మీద అంత పట్టుదల ఎందుకో నాకు ఇది చదివాకే తెలిసింది. ఆవిడది అతుకు పని.

నరసాపురం లేసుకి 2024లో జీఐ గుర్తింపు వచ్చింది. మంచిదే. అన్‌స్ట్‌లో హెరిటేజ్ సెంటర్ పెట్టి పాత శాలువాలు అద్దాల్లో ఉంచారు, ఆ సన్నటి దారం వడకగలిగేవాళ్ళు మాత్రం ఇప్పుడు బహు కొద్దిమంది.

మొన్న సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు ఎడింబరోలో తీసుకున్న ఆ శాలువా ఫోటో ఫోన్లో అత్తకి చూపించాను. కళ్ళజోడు సర్దుకుని, రెండు వేళ్ళతో పెద్దది చేసుకుని చాలాసేపు చూసింది. ఉంగరంలోంచి దూరుతుందత్తా అని చెప్పాను, పట్టించుకోలేదు.

"అతుకేదిరా?"

"లేదత్తా. అంచు అల్లుతూనే కలిపేశారు."

"ఎంతిచ్చేరంట మనిషికి?"

తెలిసినంత చెప్పాను, టీ పొడి సంగతితో సహా. "టీ పొడా!" అని నవ్వింది. మళ్ళీ ఫోటో మీదకి వంగింది. వేలితో అంచు మొనలు ఒక్కొక్కటే లెక్కపెట్టుకుంటూ పక్కనుంచి మూల దాకా వచ్చి ఆగింది.

"ఇదిగో, ఇక్కడ వరసలు ఎక్కువేసింది చూడు. వెయ్యకపోతే మూల ఎత్తుకుపోద్ది."